కొత్త బండికి వంకర తలుపు: ఋణగ్రహీత ఏమి చేయవలెను?

బస్తర్ ప్రాంతంలో చిన్న రవాణా వాహనం ఒక కుటుంబానికి నాలుగెకరాల మాగాణితో సమానమైన ఆస్తి. సంత రోజుల్లో చింతపండు, ఇప్పపువ్వు, కూరగాయలు. తక్కిన రోజుల్లో సిమెంటు, ఎరువులు, ఇటుకలు. దొరికిన సరుకునల్లా మోసి, నెలనెలా బ్యాంకు వాయిదా చెల్లించి, మిగిలిన దానితో సంసారం గడుపుకొనేవారు జగదల్‌పూర్, కొండగావ్, గీదం, సుక్మా పరిసరాలలో ఎందరో ఉన్నారు. భద్రాచలం, చింతూరు, కోంటాల మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలవారూ వీరిలో ఉన్నారు. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ వద్ద మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారి రాయ్‌పూర్, జగదల్‌పూర్, కోంటా, భద్రాచలం దాటి విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం వద్ద ముగుస్తుంది గనుక, ఇక్కడి బండ్లకు మన రాష్ట్రాలతో రాకపోకలు నిత్యకృత్యం.

ఇటువంటి వాహనాలకు ఋణాలిచ్చే శాఖలో క్షేత్రాధికారిగా పనిచేస్తున్న నాకు, ఇంజను గురించి వచ్చే ఫిర్యాదుల కన్న తలుపుల గురించి, బానెట్ గురించి, వెనుక తొట్టి గురించి వచ్చే ఫిర్యాదులే ఎక్కువగా వినవస్తాయి. ఇంజనులో లోపం ఉన్నదంటే వర్కుషాపువారు యంత్రం తగిలించి చూస్తారు. తలుపు సందు సమంగా లేదంటే మాత్రం, "అన్ని బండ్లకూ అంతేనండీ, కొన్నాళ్లు తిరిగితే సర్దుకుంటుంది" అని సాగనంపుతారు. రేకు తనంతట తాను సర్దుకోదు. సర్దుకొన్నట్లు కనిపించినదంటే ఎక్కడో మరొకటి వంగినదని అర్థం.

ఇది కేవలం అందచందాలకు సంబంధించిన విషయమని చాలామంది అనుకొంటారు. తలుపు తాళానికి రెండు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు దగ్గర తలుపు పడినట్లే కనిపిస్తుంది గాని పూర్తిగా పడదు. సందు వంకరగా ఉన్న తలుపు ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతూ ఉంటుంది. కేశకాల్ ఘాట్ మలుపులలోనో, దర్భా ఘాట్ దిగుడులోనో అటువంటి తలుపు తెరుచుకొంటే జరిగేది చెప్పనక్కరలేదు. ఇక వర్షాకాలంలో సందులోనుండి దిగిన నీరు కాళ్ల కింది చాప అడుగున నిలిచి నేలరేకును తినివేస్తుంది. బైలాడిలా గనుల వైపు, అనగా కిరందుల్, బచేలీ వైపు తిరిగే బండ్లకు ఇనుప ఖనిజపు ఎర్రధూళి అదనం. మూడేళ్లలో అమ్మబోతే కొనేవాడు మొదట చూచేది కూడా తలుపు సందులనే. బండిని బ్యాంకు హామీగా పెట్టుకొన్నది గనుక, ఆ ధర తగ్గితే నష్టం ఋణగ్రహీతకే గాక మాకూ కలుగుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. జగదల్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల లోపు గ్రామానికి చెందిన ఒక ఋణగ్రహీత పికప్ వాహనం కొన్నాడు. రెండు నెలలు నిండకముందే శాఖకు వచ్చి, "సార్, ఎడమ తలుపు ఎత్తి కొడితేగాని పడడం లేదు. షోరూముకు రెండుసార్లు వెళ్లాను. రేపు రమ్మన్నారు" అని మొర పెట్టుకొన్నాడు. రేపటి కోసం ఎదురుచూడలేక, సంతకు వెళ్లే దారిలో ఒక టింకరింగ్ షెడ్డులో ఆపి, తలుపుకూ స్తంభానికీ మధ్య కొయ్యముక్క పెట్టి వంచి సరిచేయించుకొన్నాడు. రెండు వారాలు బాగానే ఉన్నది. తరువాత సందు మళ్లీ వచ్చింది. ఈసారి కీళ్ల దగ్గర రంగు కూడా పగిలింది. షోరూముకు తీసుకువెళ్లగా, బయట పని చేయించారు గనుక వారంటీ వర్తించదన్నారు.

ఆ బండిని చదునైన నేల మీద నిలిపి చూడగా తేలినదేమిటంటే, తలుపులో అసలు లోపమే లేదు. క్యాబిన్ వెనుక భాగంలో ఎడమవైపు రబ్బరు దిమ్మె చిరిగి, బోల్టు వదులై, క్యాబిన్ ఆ మూలకు ఒరిగి ఉన్నది. చౌకటు వంకరైతే తలుపు ఎట్లా పడుతుంది? దిమ్మె మార్చి బోల్టు బిగించిన పిమ్మట, అంతకుముందు వంచిన కారణంగా తలుపే వంకరగా మిగిలింది! ఆ ఋణగ్రహీత డెలివరీ నాడే తన ఫోనులో బండి చుట్టూ ఫొటోలు తీసి ఉంచుకొన్నాడు. వాటిలో ఎడమ సందు మొదటినుండీ పైన వెడల్పుగా ఉన్నట్లు స్పష్టంగా కనిపించింది. ఆ ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చిన తరువాత డీలరు దిమ్మెను ఉచితంగా మార్చాడు. తలుపు పనికీ రంగుకూ అయిన ఖర్చులో సగం భరించాడు. మిగిలిన సగం, పనిలేక పోయిన తొమ్మిది రోజుల బాడుగ ఋణగ్రహీత నెత్తిన పడ్డాయి.

సందు ఎందుకు పుడుతుంది?

లారీ గాని, పికప్ గాని నిచ్చెన ఆకారంలో ఉండే ఛాసిస్ మీద నిలుస్తుంది. రెండు పొడవాటి కమ్మీలు, వాటిని కలిపే అడ్డకమ్మీలు. గతుకుల్లో ఈ నిచ్చెన కొద్దిగా మెలిపడడం సహజం, అవసరం కూడా. ఆ మెలిక క్యాబిన్‌కు సోకకుండా మధ్యలో రబ్బరు దిమ్మెలు ఉంటాయి. తొట్టి మాత్రం వేరుగా ఛాసిస్‌కు బిగించబడి ఉంటుంది. కాబట్టి ఒక సందు కనిపించినప్పుడు అది తలుపు సొంత లోపమా, క్యాబిన్ ఒరుగుట వలన వచ్చినదా, ఛాసిస్ మెలిపడుట వలన వచ్చినదా, లేక తొట్టిని వంకరగా కూర్చోబెట్టుట వలన వచ్చినదా అన్నది మొదట తేల్చుకోవలెను.

సందు ఆకారమే చాలావరకు కారణాన్ని చెబుతుంది. తలుపు ముందువైపు, అనగా కీళ్ల పక్కన, సందు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉండి, తాళం వైపు అంచు కిందికి జారి ఉంటే కీలు వదులైనదని అనుమానించవచ్చు. తలుపు సగం తెరచి అంచును రెండు చేతులతో పైకెత్తి చూడండి. ఆట ఉంటే కీలుదే దోషం. రెండు తలుపుల సందులూ ఒకే దిక్కుకు వంగినట్లుంటే క్యాబిన్ దిమ్మెలను చూడవలెను. క్యాబిన్‌కూ తొట్టికీ నడుమ ఖాళీ ఒకవైపు నాలుగు వేళ్లు, మరొకవైపు రెండు వేళ్లు ఉంటే తొట్టిని కూర్చోబెట్టిన తీరులో గాని, ఛాసిస్‌లో గాని తేడా ఉన్నది. ఖాళీ బండికి సమంగా ఉన్న సందు సరుకు ఎక్కించగానే మారితే కమాన్‌పట్టీలను, యూ-బోల్టులను, దిమ్మెలను పరిశీలించాలి. బానెట్ ఒక్కటే ఒక పక్కకు జరిగి ఉంటే కర్మాగారం నుండి షోరూముకు వచ్చే దారిలో ముందుభాగానికి ఏదైనా తగిలినదేమో విచారించాలి. కొత్త బండి అంటే ఎక్కడా తిరగనిది అనుకోరాదు. ఛాసిస్‌లను డ్రైవర్లు రోడ్డు మీదనే వందల కిలోమీటర్లు నడిపి తెస్తారు. చిన్న వాహనాలను పెద్ద లారీల మీద గొలుసులతో కట్టి తెస్తారు. దారిలో తగిలిన దెబ్బను యార్డులోనే బాగుచేసి రంగు వేసిన సందర్భాలూ ఉంటాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇటువంటి బండ్లకే తగును. రబ్బరు అంచుల మీద రంగు మరకలు, కీళ్ల బోల్టుల తలల మీద పానా గీతలు, ఒక రేకు రంగులో మరొక రేకుకు లేని మెరుపు, ఇవి దానికి గురుతులు.

తూకపు గుండు, సుద్దముక్క

ఈ పరిశీలనకు ఖరీదైన పనిముట్లు అక్కరలేదు. నాలుగు చక్రాలలోనూ నిర్ణీత ప్రకారం గాలి నింపి, సరుకు దింపి, బండిని గచ్చు నేల మీద నిలపండి. తలుపు చుట్టూ ఆరు చోట్ల సందులో నాణేలను దొంతరగా దూర్చి, ఎన్ని నాణేలు పట్టినవో కాగితం మీద రాయండి. ఎడమ, కుడి లెక్కలు పక్కపక్కన వేసి చూడండి. సందు ఎంత ఉండవలెనన్న కొలత వాహనాన్ని బట్టి మారుతుంది. ఎడమకూ కుడికీ గల తేడా, ఒకే అంచున పైకీ కిందికీ గల తేడా మనకు ముఖ్యం. తరువాత వార్తాపత్రిక నుండి చీల్చిన పట్టీని తలుపు రబ్బరు మీద పెట్టి తలుపు వేసి లాగండి. ఏ ప్రతిఘటన లేకుండా జారివచ్చిన చోట రబ్బరు ఆనడం లేదన్నమాట. నీటిపరీక్ష చేసేటప్పుడు ఒక మనిషి టార్చిలైటుతో లోపల కూర్చోవాలి. నీటిని కింది అంచు నుండి మొదలుపెట్టి క్రమంగా పైకి పట్టాలి. మొదటనే పైనుండి పోస్తే ఎక్కడ కారినదో తెలియదు.

ఛాసిస్ సంగతి తేల్చడానికి తాపీమేస్త్రీ తూకపు గుండు చాలు. ముందువైపు కుడి ఎడమలలో ఒకే రకమైన రెండు బోల్టులు, వెనుకవైపు అటువంటివే రెండు బోల్టులు ఎంచుకొని, ప్రతిదాని నుండి గుండు వేలాడదీసి, నేల మీద అది చూపిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బండిని ముందుకు తీసివేసి నాలుగు గుర్తుల మధ్య మూలమట్టాలు రెండూ టేపుతో కొలవండి. దీర్ఘచతురస్రానికి కర్ణాలు రెండూ సమానమని తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో చదివినదే. ఆ పాఠం ఇంత పనికివస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు! ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మన కొలతలోనిదే కావచ్చు. వేలి మందాన తేడా వస్తే మాత్రం ఛాసిస్ పక్కకు జరిగిందని భావించి, ఏ రేకునూ ముట్టనీయకుండా నేరుగా అధీకృత వర్కుషాపుకు పోవలెను. అటువంటి బండికి టైర్లు కూడా ఒక పక్కనే అరుగుతాయి.

ఈ పరీక్షలన్నీ డెలివరీ నాడు, పగటివెలుతురులో చేసుకొనుట ఉత్తమం. సాయంకాలం దీపాల కింద, పూలదండ వేసి కొబ్బరికాయ కొట్టే తొందరలో సందులు కనిపించవు. డెలివరీ కాగితం మీద "వాహనమును మంచి స్థితిలో స్వీకరించితిని" అన్న వాక్యం ముందుగానే అచ్చయి ఉంటుంది. లోపం కనిపిస్తే సంతకానికి పైన, మీకు వచ్చిన భాషలోనే, ఆ లోపాన్ని రాసి ఆ తరువాత సంతకం చేయండి. ఒక నకలు అడిగి తీసుకోండి. సందులో నాణెం పెట్టి ఫొటో తీస్తే కొలత కూడా ఫొటోలో నిలుస్తుంది.

తిలాపాపం తలా పిడికెడు

మన ప్రాంతంలో చాలా బండ్లకు క్యాబిన్, ఛాసిస్ ఒకరివి, తొట్టి మరొకరిది. తొట్టి కట్టేవారికి విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల తరతరాల నైపుణ్యం ఉన్నమాట నిజమే. అయితే ప్రతి ఊరి షెడ్డులోనూ ఆ పనితనం ఆశించలేము. ట్రక్కు క్యాబిన్లు, బాడీల నిర్మాణానికి ఏఐఎస్-093 అనే ప్రమాణం అమలులో ఉన్నది. తొట్టికీ ఛాసిస్‌కూ నడుమ కొయ్య గాని రబ్బరు గాని పరచకుండా యూ-బోల్టులను అతిగా బిగిస్తే ఛాసిస్ స్వేచ్ఛగా మెదలలేక ఒత్తిడి అంతా ముందు మూలకు చేరుతుంది. అప్పుడు లోపం క్యాబిన్ దగ్గర కనిపిస్తుంది, కారణం తొట్టి దగ్గర ఉంటుంది. తయారీదారు డీలరును, డీలరు తొట్టి కట్టినవానిని, అతడు రోడ్డును చూపుతూ కూర్చొంటారు.

ఈ చిక్కు రాకుండా ఉండాలంటే తొట్టికి వేరే కొటేషన్, వేరే బిల్లు, దాని మీద వారంటీ కాలం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఋణం మంజూరులో ఛాసిస్ ధర, తొట్టి ధర విడివిడిగా ఉంటాయి గనుక ఈ కాగితాలు బ్యాంకుకూ అవసరమే. తొట్టి బిగించకముందు ఒకసారి, బిగించిన తరువాత ఒకసారి తలుపు సందులను కొలిచి ఉంచుకొన్నవానికి ఎవరితోనూ వాదులాట అక్కరలేదు.

వారంటీ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. శాఖకు తీసుకువస్తే చదివి చెబుతాము. చాలా వారంటీలలో సర్దుబాటు పనులకు, రబ్బరు భాగాలకు, రంగుకు గడువు ఇంజనుకు ఉన్నంత ఉండదు. కొన్నిటికి అసలే ఉండదు. అందుచేత మొదటి ఉచిత సర్వీసు నాటికే ఫిర్యాదు జాబ్ కార్డు మీదికి ఎక్కాలి. సర్వీసు సలహాదారు నోటితో విని తల ఊపితే చాలదు. "ఎడమ తలుపు పైసందు కుడిదానికన్న ఎక్కువ; నీరు దిగుచున్నది" అని కార్డు మీద రాయించి నకలు తీసుకోండి. బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. బీమా ప్రమాదం వలన కలిగిన నష్టానికి గాని, తయారీలోపానికి, అరుగుదలకు వర్తించదు. లేని ప్రమాదాన్ని ఉన్నట్లు రాసి క్లెయిము పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అది మోసం కిందికి వస్తుంది. పైగా బండికి ప్రమాదం జరిగినదన్న రికార్డు శాశ్వతంగా ఉండిపోతుంది.

వాయిదా ఆపవచ్చునా?

"బండి బాగుచేసేదాకా కిస్తు కట్టను" అని పట్టుదలతో శాఖకు వచ్చేవారు ఉంటారు. వారి కోపం న్యాయమైనదే గాని, దెబ్బ తగిలేది డీలరుకు కాదు. డీలరు సొమ్ము డెలివరీకి ముందే బ్యాంకు నుండి అతనికి చేరిపోయింది. వాయిదా ఆపిన మరునాటి నుండి ఖాతా గడువు మీరిన ఖాతాగా లెక్కకు వస్తుంది. 90 రోజులు దాటితే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం నిరర్థక ఆస్తి అవుతుంది. ఆ మచ్చ రేపు పంటఋణం అడిగినప్పుడు కూడా ఎదురువస్తుంది. బండి వర్కుషాపులో నిలిచి ఆదాయం ఆగిపోయినదంటే, ఆ సంగతి వాయిదా తేదీకి ముందే జాబ్ కార్డుతో సహా శాఖకు తెలియజేయండి. పరిశీలించడానికి మాకు ఏదో ఒక ఆధారం ఉంటుంది. బండి బ్యాంకుకు హైపాథికేషన్‌లో ఉన్నది గనుక, డీలరుకు మా వైపు నుండి కూడా ఉత్తరం రాయమని మీరు కోరవచ్చు. అటువంటి ఉత్తరానికి జవాబు త్వరగా వస్తుందని అనుభవం మీద చెబుతున్నాను.

రాతపూర్వక ఫిర్యాదుకు కూడా కదలిక లేకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రంలో నమోదు చేయవచ్చు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. లారీ వ్యాపారం కోసం కొన్నది గనుక వినియోగదారుడినే కానంటారేమో అన్న సందేహం సహజం. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరించింది. తానే నడుపుకొని జీవనోపాధి పొందడానికి లారీ కొన్నవాడు వినియోగదారుడే. ఒకరిద్దరి సహాయం తీసుకొన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. పూర్తిగా ఇతరుల చేత నడిపించడానికే కొన్నవానికి ఆ రక్షణ లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా స్వయంఉపాధి ద్వారా జీవనం గడుపుకొనేవారికి ఈ వెసులుబాటును నిలిపింది. ఆ చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చిన తరువాత, కొన్నచోటనే గాక తాము నివసించే జిల్లాలో కూడా ఫిర్యాదు వేయవచ్చు. రాయ్‌పూర్‌లో కొన్న బండికి జగదల్‌పూర్‌లోనే న్యాయం అడగవచ్చునన్నమాట. 2021 నాటి నిబంధనల ప్రకారం చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్ పరిధిలోనిదే. ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. 5 నుండి 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400 రూపాయలు. గడువు రెండు సంవత్సరాలు.

అయితే అతిగా ఆశించరాదు. "బండినే మార్చి ఇమ్మని అడుగుతాను" అనేవారు 2006లో సుప్రీంకోర్టు మారుతీ ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రాల కేసులో ఇచ్చిన తీర్పును గుర్తుంచుకోవాలి. లోపం ఉన్న భాగాన్ని బాగుచేయడం, మార్చడం అన్నదే వారంటీ షరతు అయినప్పుడు మొత్తం వాహనాన్ని మార్చమనడం కుదరదని ఆ తీర్పు సారాంశం. కనుక అడగవలసినది లోపనివారణ, ఆగిపోయిన రోజుల నష్టం. దానికి సాక్ష్యం మీరు మొదటి వారంలో తీసిన కొలతలు, ఫొటోలు, జాబ్ కార్డులే.

డీలరు మిత్రులకు ఒక మాట. ఈ పత్రికను మీరూ చదువుతారు. డెలివరీకి ముందు చేసే తనిఖీ పట్టికలో అన్ని గడులకూ ఒకే కలంతో, ఒకే ఊపులో టిక్కులు పెట్టడం మాకు తెలియనిది కాదు. తలుపు సందుల కొలతకు ఆ పట్టికలో ఒక గడి చేర్చి, కొనుగోలుదారు ఎదుటనే నింపితే, తరువాత రోడ్డు మీద పడిన దెబ్బకు మీరు బాధ్యులు కారని చెప్పడానికి మీకూ ఆధారం దొరుకుతుంది. దారిలో దెబ్బతిని యార్డులో బాగుపడిన బండిని ఆ మాట చెప్పి, కొంత ధర తగ్గించి అమ్మండి, కొనేవారు దొరుకుతారు. సంబంధిత సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడాన్ని 2019 చట్టం సేవాలోపం నిర్వచనంలోనే చేర్చింది.

చివరగా మరమ్మతు క్రమం. వర్కుషాపులో పని కింది నుండి పైకి జరగాలని పట్టుబట్టండి. మొదట ఛాసిస్ కొలత, తరువాత తొట్టి బిగింపు, ఆ తరువాత క్యాబిన్ దిమ్మెలు, పిదప కీళ్లు, అన్నిటికన్న చివర తాళం ఎదుటి కొక్కెం. జారిన తలుపును ఆ కొక్కెం జరిపి పట్టేటట్లు చేయడం సులభం గనుక చాలామంది అక్కడే మొదలుపెడతారు. అట్లా చేస్తే తలుపు వేసిన ప్రతిసారీ కీలు మీద భారం పడి ఆరు నెలల్లో మళ్లీ జారుతుంది. పని పూర్తయిన వెంటనే రంగు వేయనీయవద్దు. అనుమతించిన బరువు మేరకు సరుకు ఎక్కించి, ఒకసారి దర్భా వరకు వెళ్లి వచ్చి, అవే ఆరు చోట్ల అవే నాణేలతో మళ్లీ కొలవండి. సరుకు దింపి మరొకసారి కొలవండి. రెండు లెక్కలూ కలిసిన తరువాతనే రంగు డబ్బా మూత తీయించండి.